గుమ్మం దగ్గరే వడపోత

హైదరాబాదైనా, ఢిల్లీ అయినా టు-లెట్ బోర్డు చూసి తలుపు తట్టినవారికి తొలి ప్రశ్న ఒకటే: 'మీరేం వాళ్లు?' ఆ తర్వాత మాంసం తింటారా, పెళ్లయిందా అన్న ఆరా. నిజానికి ఇంటి యజమానిని చట్టం అడిగేవి వేరు. ఢిల్లీ పోలీసులు ఎప్పటికప్పుడు జారీచేసే ఉత్తర్వుల ప్రకారం అద్దెదారు వివరాలు స్టేషన్‌లో ఇవ్వాలి. ఉల్లంఘిస్తే 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 223వ సెక్షన్ కింద శిక్షార్హులు.

ఏడాదికి మించిన లీజును 1908 నాటి చట్టం ప్రకారం రిజిస్టర్ చేయించాలి. ఆ బెడద తప్పించుకోవడానికే 11 నెలల కాగితం. కేంద్రం 2021 జూన్‌లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం ఒప్పందం రాతలోనే ఉండాలంది, నివాసాలకు అడ్వాన్సు రెండు నెలల అద్దె మించరాదంది. అయితే రాష్ట్రాలు తమ చట్టం చేసుకుంటేనే దానికి విలువ.

దళితులకు, ముస్లింలకు ఇల్లు లేదనడంపై మాత్రం ఆ నమూనా నోరు మెదపలేదు. వివక్షను నిషేధించే రాజ్యాంగ 15వ అధికరణంలో దుకాణం, హోటల్, బావి ఉన్నాయి, అద్దె ఇంటి ప్రస్తావన లేదు. అందుకే వారి వివరాలు పోలీసు స్టేషన్ దాకా వెళ్లవు. వడపోత గుమ్మం దగ్గరే ముగుస్తుంది.