సాన పట్టిన కత్తి

రెండో ప్రపంచయుద్ధం నాటి కత్తులు సేకరించేవాళ్ళతో నాకో పేచీ ఉంది. నేనూ ఆ గుంపులోవాణ్ణే, అందుకే ఈ గొడవ. కత్తికి ఎవరో సాన పట్టారని తెలిస్తే చాలు, ధర కోసేస్తారు. ఫ్యాక్టరీ పెట్టిన పదును చెక్కుచెదరకూడదట! యుద్ధానికెళ్ళిన కత్తి అలా ఎలా ఉంటుంది?

1942లో అమెరికన్ మెరైన్లు తీసుకున్న కేబార్‌నే చూడండి. ఏడంగుళాల బ్లేడు, తోలు బిళ్ళలు పేర్చి చేసిన పిడి. పోరాటానికని ఇచ్చారు, నిజమే. కానీ పసిఫిక్ దీవుల్లో దాంతోనే డబ్బాలు తెరిచారు, గుంటలు తవ్వారు, తాళ్ళు కోశారు. మొద్దుబారితే మళ్ళీ నూరుకున్నారు. కొందరు సైనికులైతే కూలిన విమానాల ప్లెక్సిగ్లాస్ ముక్కలతో కత్తులకి కొత్త పిడులు వేసుకున్నారు.

నా కేబార్ బ్లేడు అరిగి సన్నబడింది. "పాడైపోయింది కొన్నావేంటి బ్రో" అన్నాడో మిత్రుడు. పాడవడం కాదు, వాడకం! గోడౌన్లో పెట్టె దిగని కత్తికి రెట్టింపు పోసి, 'యుద్ధపు కత్తి' అని మురిసిపోయేది మనమే. తుప్పు గీకించి తళతళలాడించేవాళ్ళ సంగతి ఎత్తకపోవడమే మేలు.

"ఆ సాన యుద్ధంలోనే పట్టారని గ్యారంటీ ఏంటి? తర్వాతెప్పుడో ఏ తాతగారో పెరట్లో కొమ్మలు కొట్టడానికి నూరుకుని ఉండొచ్చుగా" అంటారు. ఉండొచ్చు. ఆ తాతగారే ఆ మెరైన్ కూడా అయ్యుండొచ్చు.