మాంత్రికుడి కథల్లో మాటల నిక్షేపం

వేసవి సెలవులొచ్చాయంటే మన ఆడవాళ్లకు రెండు పనులు తప్పవు. ఒకటి మామిడికాయ తొక్కు. రెండోది "అమ్మా, ఏం తోస్తలేదు" అంటూ కొంగు పట్టుకుని తిరిగే పిల్లలు! తొక్కు పెట్టడం మనకు కొత్తేమీ కాదు కాబట్టి ఈ వారం రెండో సంగతి మాట్లాడుకుందాం.

ఇప్పుడు మా రేగొండ లాంటి ఊళ్లలో కూడా చాలామంది పిల్లలది ఇంగ్లీషు మీడియమే. తెలుగు గలగలా మాట్లాడతారు. చదవమంటే మాత్రం కూడబలుక్కుంటారు. మాట దొరక్కపోతే ఇంగ్లీషు ముక్క తగిలించేసి ఊరుకుంటారు. వాళ్లను అనడం దేనికి? ఇంట్లో రోజూ వాళ్లు మన నోట వినేదేమిటి? తిను, లే, పడుకో, హోంవర్క్ అయిందా! పొద్దున లేస్తే ఇవే మాటలు. కొత్త మాట వాళ్లకు ఎదురయ్యేదెప్పుడు? ఆ మాటకొస్తే మన సంగతి మాత్రం? నాలాగా ఇంటర్‌తో చదువు ఆపి అత్తగారింటికి వచ్చేసినవాళ్లకు ఆ తర్వాత మాటలు నేర్పే బడి ఎక్కడుంది?

ఉందండీ! మాంత్రికులు, రాక్షసులు, మాయదారి గుహలు ఉండే కథల పుస్తకమే ఆ బడి. ఫీజు లేదు, యూనిఫాం అసలే లేదు.

నిఘంటువు తెరిచి పది మాటలు బట్టీ పట్టించి చూడండి. తెల్లారేసరికి ఒక్కటీ మిగలదు. అదే కథలో రాకుమారుడు గుర్రం మీద వచ్చి కోట చుట్టూ ఉన్న కందకం దగ్గర ఆగిపోయాడనుకోండి. కందకం అంటే ఏమిటో తెలియకపోతే ఆయన ఎందుకు ఆగాడో తెలియదు, కథ ముందుకు సాగదు. అప్పుడు పిల్లలే అడుగుతారు. కోటను కాపాడ్డానికి చుట్టూ తవ్విన లోతైన కాలువ అని చెప్పి, ఓరుగల్లు కోట చూడబోయినప్పుడు "అదిగో కందకం" అని చూపించారంటే ఆ మాట ఇక జన్మలో మరిచిపోరు.

గోపడిలా అడగాలి

మన పెద్దవాళ్లు వెతికి మరీ చదివిన కాశీమజిలీ కథలు ఈ పద్ధతిలోనే నడుస్తాయి. మధిర సుబ్బన్న దీక్షితులుగారు రాసినవి, మొత్తం 12 సంపుటాలు. కాశీకి బయల్దేరిన మణిసిద్ధుడికి తోడు కావాలి. పశువులు కాసుకునే గోపడు వస్తానంటాడు కానీ ఒక షరతు పెడతాడు. ప్రతి మజిలీలో తాను చూసిన వింత గురించి అడుగుతాడు, దాని కథ చెప్పాలి! చదువురాని ఆ గోపడు అడగబట్టే కదా అన్ని కథలు పుట్టాయి. మనమూ, మన పిల్లలూ ఆ గోపడిలాగే ఉండాలి. తెలియని మాట కనిపిస్తే దాటిపోకుండా "ఇదేమిటి?" అని అడగాలి.

ఆ మజిలీ అన్న మాటే చూడండి. ప్రయాణంలో ఆగి సేదతీరే చోటు. ఉర్దూలో మంజిల్ అంటారే, అదే మన నోట్లో మజిలీ అయింది. హిందీ పాటల్లో మంజిల్ అన్న మాట వినీ వినీ ఉన్న పిల్లలకు ఈ చుట్టరికం చెప్పి చూడండి, ఎంత సంబరపడతారో!

1951లో వచ్చిన పాతాళభైరవి సినిమాకు మూలం కూడా కాశీమజిలీ కథే. అందులో మాంత్రికుడు తోటరాముణ్ణి "డింభకా" అని పిలుస్తుంటే నవ్వుకోని తెలుగువాళ్లుండరు. డింభకుడంటే ఏమిటని ఇంట్లో అడిగి చూడండి, సగం మంది తిట్టనుకుంటారు. పిల్లవాడు అని అర్థం, అంతే! ఇకనుంచి మన చిన్నోళ్లను ధైర్యంగా అలాగే పిలవొచ్చు.

ఒక తాళంచెవికి పది తలుపులు

1947 జూలైలో మద్రాసులో మొదలైన చందమామ మనలో చాలామందికి తెలుగు చదవడం అలవాటు చేసింది. ఇప్పుడు రావడం లేదు కానీ పాత సంచికలు ఎవరింట్లోనైనా అటక మీద ఉంటే దించండి. అందులో దాసరి సుబ్రహ్మణ్యంగారు రాసిన సీరియళ్లు 1954లో తోకచుక్కతో మొదలై 1978లో భల్లూక మాంత్రికుడు దాకా పిల్లల్నీ పెద్దల్నీ కట్టిపడేశాయి. కథ లోపలికి పోకముందే ఆ పేర్లు ఎన్ని మాటలు నేర్పుతాయో చూడండి.

శిథిలాలయం: శిథిలం, ఆలయం కలిస్తే వచ్చింది. శిథిలమంటే పాతబడి కూలిపోతున్నది, ఆలయం అంటే ఉండే చోటు. ఈ ఆలయం అన్న ఒక్క మాట చేతికొస్తే విద్యాలయం, గ్రంథాలయం, కార్యాలయం, హిమాలయం అన్నీ విడిపోతాయి. హిమం అంటే మంచు అని చెప్పగానే మిగతాది పిల్లలే చెప్పేస్తారు.

మకరదేవత: మకరం అంటే మొసలి. మకర సంక్రాంతి, మకర రాశి, గుడిలో దేవుడి వెనక ఉండే మకరతోరణం, అన్నిట్లో ఉన్నది ఈ మకరమే. గజేంద్రుడి కాలు పట్టిందీ ఇదే. ఆ గజేంద్ర మోక్షం తెలుగులో రాసిన పోతన మన జనగామ జిల్లా బమ్మెర వాడని చెప్పడం మాత్రం మరవకండి.

జ్వాలాద్వీపం: జ్వాల అంటే మంట. కార్తీక పున్నమికి శివాలయంలో వెలిగించే జ్వాలాతోరణం గుర్తు చేయండి. ద్వీపం తెలిస్తే సాంఘికశాస్త్రంలో ద్వీపకల్పం భయపెట్టదు.

పాతాళదుర్గం: దుర్గం అంటే చొరబడడానికి వీల్లేని కోట. హైదరాబాదులో మెట్రో రైలెక్కి రాయదుర్గంలో దిగేవాళ్లలో ఎంతమందికి ఆ పేరులో కోట ఉందని తెలుసు!

కంచుకోట: కథలో ఇది నిజంగా కోట. పేపర్లో మాత్రం ఎన్నికలొచ్చినప్పుడల్లా కనిపిస్తుంది. ఫలానా నియోజకవర్గం ఫలానా పార్టీకి కంచుకోట అని!

ఇప్పటి పిల్లలకు హ్యారీ పోటర్ ఇష్టమా? కానివ్వండి. ఆ మొదటి పుస్తకం తెలుగులో పరుసవేది అన్న పేరుతోనే వచ్చింది. పరుసవేది అంటే ఇనుమును తాకితే బంగారంగా మార్చే రాయి. అక్కడ ఆగకుండా ఓరుగల్లు కథ కూడా చెప్పండి. బండి ఇరుసు ఒక రాయికి తగిలి బంగారమైందనీ, అది పరుసవేది లింగమనీ, అక్కడే కాకతీయులు గుడి కట్టారనీ మన దగ్గర చెప్పుకుంటారు కదా. ఎక్కడో ఇంగ్లండు కథలోని రాయి మన గడప ముందుకొచ్చి పడుతుంది.

అత్తమ్మే నిఘంటువు

మా ఇంట్లో ఒక నోటుబుక్కు ఉంది. పేజీకి నిలువుగా గీతలు గీసి మూడు గడులు చేశాం. మొదటి గడిలో కథలో దొరికిన మాట. రెండో దాంట్లో అదే మాట పేపర్లోనో, బోర్డు మీదో ఎక్కడ కనిపించిందో. మూడో గడిలో దానికి మన ఇంట్లో, మన ఊళ్లో అనే మాట.

మూడో గడి నింపేది మా అత్తమ్మ. ఆమెకు అక్షరాలు రావు. అన్నాలు తిన్నాక మా చిన్నోడు పైకి చదువుతుంటే ఆమె మంచం మీద కూర్చుని వింటుంది. ఒకరోజు మందసం అన్న మాట వచ్చింది.

"నానమ్మా, మందసం అంటే ఏంది?"

"నాకేం ఎరుక బిడ్డా! దాంట్ల ఏం పెట్టిండ్రు?"

"నగలు పెట్టిండ్రు. పైన తాళం గూడ ఏసిండ్రు."

"అయితే సందుగ. నా పెండ్లికి మా తల్లిగారు పెట్టిన సందుగ ఆ మూలకు లేదా? గదే!"

చూశారా! చదువురాని మనిషి నిఘంటువు చూడకుండానే అర్థం పట్టేసింది. దాంట్లో ఏం పెట్టారని అడిగింది, అంతే. కొత్త మాటకు ముందూ వెనకా ఏముందో చూసి అర్థం ఊహించడమంటే అదే. పిల్లలకు ఇంతకంటే మంచి పాఠం నేను చెప్పలేను. పైగా సందుగ అన్న మాట కూడా మా చిన్నోడికి కొత్తదే! ఒక్క పూటలో రెండు మాటలు సంపాదించాడు.

అలాగే భల్లూకం అంటే పుస్తకంలో ఎలుగుబంటి, మా అత్తమ్మకు గుడ్డెలుగు. కంబళి ఆమెకు గొంగడి. శకటం అంటే బండి. "మనుషులు కూసోనుపొయ్యేదైతే కచ్చురం" అని ఆమె సవరించింది. ఇక రెండో గడికి గణతంత్ర దినోత్సవం నాడు టీవీలో శకటాలు చూపిస్తారు కదా, అది రాసుకున్నాం.

కథలోంచి పేపర్లోకి

మాంత్రికుడి కథ మాటలు నేర్చుకుని ఏం చేస్తామండీ అంటారేమో. మా వైపు పేపరు తిరగేయండి.

నిక్షేపం అంటే కథలో భూమిలో పాతిపెట్టిన ధనం, దానికి పాము కాపలా. మా భూపాలపల్లి వార్తల్లో బొగ్గు నిక్షేపాలు అని వస్తుంటుంది. సింగరేణి గనుల్లోంచి తవ్వి తీసేది ఆ నిక్షేపమే. చెల్పూరు దగ్గర కరెంటు తయారయ్యేది దాంతోనే. ఎవరైనా బాగున్నారా అని అడిగితే నిక్షేపంగా ఉన్నారంటాం. పాతిపెట్టిన ధనంలా భద్రంగా, ఏ లోటూ లేకుండా ఉన్నారని! ఒక్క మాటలో పాము కాపలా కాసే ధనం, బొగ్గుగని, మన క్షేమసమాచారం మూడూ ఉన్నాయి.

సొరంగం కథలో రాకుమారుడు తప్పించుకునే దారి. ఇక్కడ దేవాదుల నీళ్లు మన చెరువులకు రావడానికి తవ్విన దారి.

శిథిలం సంగతి మాత్రం కొంచెం గట్టిగా చెప్పాలి. గణపురం కోటగుళ్లకు వెళ్తే కూలిన రాళ్లు చూసి ఆ మాట పిల్లలకు తేలిగ్గానే అర్థమవుతుంది. కానీ వానాకాలంలో శిథిలావస్థలో ఉన్న ఇళ్లను ఖాళీ చేయాలని చెప్తారు చూడండి, అప్పుడు? మట్టిగోడల ఇంట్లో ఒంటరిగా ఉండే ముసలమ్మకు అది తన ఇంటి గురించేనని తెలియాలి కదా! "గోడలు నానినయి, కూలేటట్టున్నయి, ఈ నాలుగు రోజులు మా ఇంట్ల పండుకో పెద్దమ్మా" అని పక్కింటి పిల్లవాడు వెళ్లి చెప్పగలిగితే వాడు చదివిన కథకు అంతకన్నా ఫలితం ఏం కావాలి? పుస్తకం మాటా రావాలి, దాన్ని ఇంటి మాటలోకి దించడమూ రావాలి. మూడు గడులు గీసింది ఇందుకే.

మొదలుపెట్టేవాళ్లకు

1. రోజుకు రెండే పేజీలు, పిల్లలు పైకి చదవాలి. మనం కూరగాయలు తరుగుతూ వినవచ్చు.

2. తెలియని ప్రతి మాట దగ్గరా ఆపకండి, కథ చప్పబడుతుంది. పూటకు మూడు మాటలు చాలు.

3. ముందు ఊహించాలి, తర్వాతే నిఘంటువు. బహుజనపల్లి సీతారామాచార్యులుగారి శబ్దరత్నాకరం 1885 నాటిది, ఇప్పటికీ పెద్ద దిక్కు. అంత పుస్తకం ఇంట్లో లేకపోతే ఫోన్లో ఆంధ్రభారతి నిఘంటువు ఉంది, పైసా ఖర్చు లేదు. మణిసిద్ధుడికి మణి ఉన్నట్టు మనకు ఫోను!

4. నేర్చుకున్న మాటను మర్నాడు ఒక్కసారైనా వాడాలి. స్టోర్‌రూము తాళం పోతే "పాతాళదుర్గం తలుపు తెరుచుకోవడం లేదు" అనండి. నవ్వుతూ వెతికి పెడతారు.

5. వీలైతే మాటను కళ్లకు చూపించండి. రేగొండ దగ్గరి పాండవుల గుట్టల్లో 1990లో బయటపడ్డ ఆదిమానవుల బొమ్మలున్నాయి. గుహ, శిలాచిత్రం అన్న మాటలకు అక్కడ వేరే అర్థం చెప్పక్కర్లేదు. నీళ్లసీసా, పులిహోర మూట మరవకండి!

ఒక్క జాగ్రత్త. పుస్తకం మాట వచ్చింది కదా అని ఇంటి మాటను చిన్నచూపు చూడనివ్వొద్దు. కంబళి అన్నంత మాత్రాన గొంగడి తప్పు కాదు. మందసం ఏ నిఘంటువులోనైనా, ఎప్పుడైనా దొరుకుతుంది. సందుగ, కచ్చురం, గుడ్డెలుగు లాంటివి మాత్రం ఇంట్లో పెద్దవాళ్ల నోటి మీదే ఉన్నాయి. వాళ్లు ఉన్నన్నాళ్లే అడిగి రాసుకోగలం.

ఈ వారం మీ ఇంటి నోటుబుక్కుకు మూడు మాటలు ఇస్తున్నాను: బురుజు, దివిటీ, సరోవరం. మొదటి రెండు గడులు మీరూ పిల్లలూ నింపండి. మూడోది మాత్రం మీ అత్తగారినో, అమ్మనో, వాడకట్టులో పెద్దమ్మనో అడిగి రాయండి.