దూరం కిలోమీటర్లలోనే చెప్పాలా?



పోయిన వారం ఇదే గోడ మీద జి.కె. ప్రశ్న ఒకటి పెట్టినారు. నైరోబీ నుండి కంపాలాకు దూరమెంత, విమానంలో ఎంతసేపు? కిందనే జవాబు: సుమారు 500 కి.మీ., గంటా పది నిమిషాలు. జవాబు సరైనదే. అయితే అంతటితో ఆగిపోరాదని నా అభిప్రాయం.

లెక్క చూడండి. పెద్ద విమానం గంటకు 800 కి.మీ.కు పైగా పోతుంది. ఆ లెక్కన 500 కి.మీ.కు 40 నిమిషాలు కూడా పట్టకూడదు. మరి గంట దాటేదెందుకు? నేల మీద మెల్లగా దొర్లాలి, పైకెక్కాలి, మళ్లీ దిగాలి. ఆ పెద్ద వేగం నడుమ కొంచెం సేపే. పైగా వేరే దేశం పోయేవాళ్లు రెండు మూడు గంటల ముందే పోయి కూర్చోవాల. దిగినాక చూస్తే కంపాలా విమానాశ్రయం కంపాలాలో లేదు, 40 కి.మీ. అవతల ఎంటెబ్బేలో ఉంది! బస్సులో పోయేవాళ్లకైతే రాత్రంతా ప్రయాణమే. మన హైదరాబాదు, బెంగళూరు మధ్య కూడా ఆకాశంలో దూరం దాదాపు అంతే. పెనుకొండ మీదుగా పోయే ఆ రాత్రి బస్సుల్ని అడిగితే తెలుస్తుంది.

ఇంకో వింత. కిన్షాసా, బ్రజ్జావిల్ రెండు దేశాల రాజధానులు. నడుమ కాంగో నది ఒక్కటే అడ్డం. ఈ గట్టున నిలబడితే ఆ ఊరు కనపడుతుంది. కానీ వంతెన లేదు, పడవ దొరకాల.

మన దగ్గరా అంతే. పుట్టపర్తికి 1990లోనే విమానాశ్రయం వచ్చింది. దాంతో మా తండాకు కదిరి ఒక్క అడుగు కూడా దగ్గర కాలేదు. మా తండా నుండి బడికి ఆరు కిలోమీటర్లని నా అడ్మిషన్ కాయితంలో ఉంది. ఎండ రోజు గంటన్నర నడక. వంక పారితే గుట్ట చుట్టుకొని మూడు గంటలు. నన్ను చూసిపోవడానికి మా యాడికి ఒక రోజు కూలి పోతుంది. కాయితంలో మాత్రం ఎప్పుడూ ఆరే.

విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది. ఐదో తరగతి దాకా బడి ఒక కిలోమీటరు లోపల, ఎనిమిది దాకా మూడు కిలోమీటర్ల లోపల ఉండాలని దాని నియమాల్లో రాసినారు. గుట్టలు, వరదలు ఉన్న చోట్ల పిల్లలకు ప్రమాదం లేకుండా చూడాలని కేంద్రం మాదిరి నియమాల్లో కూడా ఉంది. మంచిదే. కానీ నా కాయితంలో కిలోమీటర్లకే గడి ఉంది. దాని పక్కనే నిమిషాల గడి ఒకటి ఉండాల. అదీ మోటారు సైకిల్ మీద వచ్చే సారువాళ్ల నిమిషాలు కాదు, సంచి మోసే ఆరేండ్ల పాప నిమిషాలు.

ఎవరో రాస్తారని కూర్చోకుండా మనమే మొదలు పెడదాం. ఆదివారం లోగా మీ ఊరి పేరు, ఎండ రోజు ఎంతసేపు, వాన రోజు ఎంతసేపు అని చీటీ రాసి నాకియ్యండి. పక్కనే చార్టు అంటిస్తాను. ఇంట్లో గడియారం లేనివాళ్లు పొద్దు ఏడ ఉన్నప్పుడు బయలుదేరినారో, ఏడికొచ్చినప్పుడు చేరినారో రాసినా చాలు.