మాట రుచి: లేతదా, పచ్చిదా?

పోయిన నెల పండ్ల పేర్లు నేర్చుకున్నాం. ఈ నెల వయసు చెప్పే మూడు మాటలు నేర్చుకుందాం: లేత, పచ్చి, మాగిన. ఈసారి పాఠం వంటింట్లో దొరకలేదు, విస్కీ గ్లాసులో దొరికింది. కోప్పడకండి, చివరిదాకా చదవండి.

మా అబ్బాయి ఇంగ్లండ్‌లో, నారిచ్ నగరంలో ఉద్యోగం చేస్తున్నాడు. మొన్న మారిషస్ నుంచి వాడి దగ్గరికి వెళ్ళాను. ఒక శనివారం, "అమ్మా, విస్కీ తయారుచేసే చోటు చూస్తావా?" అని అడిగాడు. నేను వెంటనే జవాబు చెప్పలేదు. మా నాన్న తాగేవాడు. దానివల్ల మా ఇంట్లో ఏం జరిగిందో వాడికి కొంతే తెలుసు. చివరికి, "చూడటానికైతే వస్తాను" అన్నాను.

ఆ చోటి పేరు సెయింట్ జార్జెస్ డిస్టిలరీ. నార్ఫోక్‌లో రౌడమ్ అనే ఊరి దగ్గర, పొలాల మధ్య ఉంది. విస్కీ అంటే మనకు స్కాట్లండ్ గుర్తొస్తుంది. ఇంగ్లండ్‌లో చాలాకాలం సింగిల్ మాల్ట్ తయారీ దాదాపు ఆగిపోయింది. నెల్‌స్ట్రాప్ అనే రైతు కుటుంబం 2006లో ఇక్కడ మొదలుపెట్టింది. మొదటి విస్కీ 2009లో బయటికి వచ్చింది. మధ్యలో మూడేళ్ళు ఎందుకు? అక్కడి చట్టం ప్రకారం మూడేళ్ళు చెక్క పీపాలో ఉంటేనే దాన్ని విస్కీ అనాలి. అంతకుముందు ఆ పేరు పెట్టకూడదు.

తయారీ సులభంగా చెబుతాను. బార్లీ గింజలను నానబెట్టి మొలకెత్తిస్తారు. ఎండబెట్టి, పిండి చేసి, వేడినీళ్ళు పోస్తారు. తియ్యటి నీళ్ళు వస్తాయి. వాటిని పులియబెడతారు. తర్వాత పెద్ద రాగి పాత్రల్లో రెండుసార్లు కాచి, ఆవిరిని చల్లారుస్తారు. అప్పుడు వచ్చేది నీళ్ళలాగే ఉంటుంది, దానికి రంగు లేదు. రంగు, రుచిలో చాలా భాగం తర్వాత ఓక్ చెక్క నుంచి వస్తాయి.

అబ్బాయి కారు నడపాలి కాబట్టి అక్కడ ఏమీ తాగలేదు. ఒక సీసా కొన్నాడు. సాయంత్రం ఇంట్లో రెండు చిన్న గ్లాసుల్లో పోశాడు. "ఒక్క చుక్క రుచి చూడమ్మా. నచ్చకపోతే వదిలెయ్" అన్నాడు. నాకు అరవై ఒకటో ఏడు. అంతవరకు ఒక్క చుక్క ముట్టలేదు.

ముందు రంగు చూశాను. లేత పసుపు. వాసన చూశాను. వెనీలా, నిమ్మ తొక్క, వేయించిన గింజల కమ్మని వాసన. అమెరికాలో బర్బన్ విస్కీ దాచిన పాత పీపాలు వాడతారట. ఆ వెనీలా వాసన వాటినుంచే వస్తుంది. నాలుక మీద చుక్క వేసుకున్నాను. మొదట తీపి. వెంటనే గొంతులో ఘాటు. చివర జామకాయ కొరికినట్టు వగరు.

"ఎలా ఉంది?" అన్నాడు.

"పచ్చిగా ఉందిరా" అన్నాను.

"పచ్చి అంటే ఆకుపచ్చ రంగు కదా?"

చూశారా, పాఠం ఇక్కడే మొదలైంది. ఉడకనిది పచ్చి. పండనిది పచ్చి. ఉల్లిపాయ బాగా వేగకపోతే కూరలో పచ్చి వాసన వస్తుంది. అంటే ఇంకా సమయం కావాలి. లేత మాట వేరు. లేత కొబ్బరి, లేత బెండకాయ, లేత ఆకు. ఇవి వయసులో చిన్నవి, కానీ అప్పుడే రుచి. పచ్చి అనేది తరచుగా ఫిర్యాదు. లేత అనేది మెచ్చుకోలు.

అబ్బాయి నా గ్లాసులో ఒక చెంచా నీళ్ళు పోశాడు. పది నిమిషాలు ఆగాం. మళ్ళీ రుచి చూశాను. ఘాటు తగ్గింది. తేనె లాంటి తీపి, నిమ్మ వాసన పైకి వచ్చాయి. "ఇప్పుడు లేతగా ఉంది" అన్నాను. సీసా మీద 43 శాతం అని ఉంది, వయసు లేదు. ఇంకా కొన్నేళ్ళు ఉంటే మాగేది. కానీ ఈ లేతదనం పోయేది.

రాత్రి మా అమ్మకు ఫోన్ చేశాను. ఆవిడకు ఎనభై నాలుగేళ్ళు, ఫ్లాక్‌లో ఉంటుంది. దాచకుండా చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. "మూడేళ్ళు పీపాలో ఉంచుతారా?" అని అడిగింది. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అంది: "మీ నాన్న తాగింది ఎప్పుడూ పచ్చిదే. తిలాంబిక్. నిన్న కాచింది ఇవాళ తాగేవాడు. రామభజనం రోజు మాత్రం ముట్టేవాడు కాదు. ఆ ఒక్కరోజు కోసం వారమంతా ఎదురుచూసేదాన్ని."

ఆ మాట నాకు ఎప్పుడూ చెప్పలేదు. నేనూ ఎప్పుడూ అడగలేదు. మా ఇంట్లో ఆ విషయానికి "తాగుడు" అనే ఒక్క మాటే ఉండేది. ఆ మాట రాగానే అందరూ లేచి వెళ్ళిపోయేవాళ్ళం.

"సరే, ఆ గ్లాసుతో ఆపెయ్" అంది అమ్మ. ఆపేశాను. మిగిలిన సీసా అబ్బాయి దగ్గరే ఉంది. వాడు ఫోన్ పక్కనే కూర్చుని అంతా విన్నాడు. అమ్మమ్మ తెలుగు వాడికి ఆ రోజు మొత్తం అర్థమైంది.

ఈ నెల వాక్యాలు. గట్టిగా చదవండి:
ఈ బెండకాయలు లేతగా ఉన్నాయి.
కూరలో పచ్చి వాసన ఇంకా పోలేదు.
మామిడికాయలు గడ్డిలో మాగుతున్నాయి.

ఈ నెల పని: ఇంట్లో పెద్దవాళ్ళను ఒక రుచి గురించి అడగండి. తీపి, చేదు, ఏదైనా సరే. వాళ్ళు వాడిన మాటను అలాగే రాసి పంపండి. వచ్చే నెల వాటితో పాఠం చేసుకుందాం.