నేతికుండల శాస్త్రం

2019 జనవరి 4వ తేదీన జలంధరులో జరిగిన 106వ భారత సైన్సు కాంగ్రెసులో, అప్పుడు ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులుగా ఉన్న ఆచార్య జి. నాగేశ్వరరావు గారు, కౌరవులు నూరుగురూ మూలకణ పరిశోధన వల్లా టెస్టుట్యూబు విధానం వల్లా పుట్టారని సెలవిచ్చారు. నూరు అండాలను ఫలదీకరించి నూరు కుండల్లో పెట్టారట. రావణుడి విమానాల గురించి కూడా ఏదో అన్నారు, అది మనకిక్కడ అక్కరలేదు. విన్నవాళ్ళలో బడిపిల్లలున్నారు. దేశం నవ్వింది. సైన్సు కాంగ్రెసు నిర్వాహకులు సైతం ఆందోళన వెలిబుచ్చారు. విశాఖపట్నంలో మనవాళ్ళూ నవ్వారు. నవ్వి, తమ కర్తవ్యం తీరిందనుకున్నారు.

తీరలేదని నా వాదన.

ముందుగా ఒక చిన్న సంగతి. ఆచార్యులవారు శాస్త్రాన్నే కాదు, భారతాన్ని కూడా సరిగా చూడలేదు. ఆదిపర్వంలోని కౌరవుల పుట్టుక కథలో అండాల ప్రసక్తే లేదు. నెలలు నిండినా ప్రసవం కాని గాంధారి, కుంతికి కొడుకు పుట్టాడని విని కడుపు బాదుకుంది. మాంసపు ముద్ద పడింది. దాన్ని వ్యాసుడు నూటొక్క ఖండాలు చేయించి నేతికుండల్లో పెట్టించాడు. గాంధారి కడుపెందుకు బాదుకుంది? ముందు పుట్టినవాడిదే రాజ్యం గనుక. సింహాసనం కోసం, వారసత్వం కోసం ఒక స్త్రీ తన శరీరం మీద తానే చేసుకున్న హింస అది. ఆ కథలో సత్యమనేది ఏదైనా ఉంటే ఇదే. ఉపాధ్యక్షులవారికి మాత్రం కుండలు కనిపించాయి, గాంధారి కనిపించలేదు.

ఇందులో మనం ఆయనకేమీ తీసిపోలేదు. ఒక అధ్యయన తరగతిలో మిత్రుడొకరు, ఉపాధ్యాయుడు, నిజాయితీపరుడే, ఇలా అన్నారు: “క్లోనింగు పిండాల మీద పరిశోధనను మతాచార్యులు వ్యతిరేకిస్తున్నారు. కాబట్టి సమర్థించడం మన విధి.” ఎంత సుఖమైన తర్కం! ఎదుటివాడు కాదన్నదల్లా మనకు అభ్యుదయం. ఆయన గంటసేపు మాట్లాడారు. పిండానికి ప్రాణం ఎప్పుడు వస్తుందన్నారు, ఆత్మ అబద్ధమన్నారు, పెట్టుబడిదారీ వ్యవస్థ విజ్ఞానానికి వేసిన సంకెళ్ళ గురించి చెప్పారు. అండం ఎవరిదనే ప్రశ్న ఆ గంటలో ఒక్కసారీ రాలేదు.

క్లోనింగు అంటే ఏమిటి? అండంలోంచి దాని కేంద్రకాన్ని తీసివేసి, మరొక శరీర కణపు కేంద్రకాన్ని అందులో ఉంచడం. జాన్ గుర్డన్ 1962లో కప్ప అండాలతో దీన్ని చేసి చూపించాడు. తోకకప్ప పేగులోని కణపు కేంద్రకం, అండంలో చేరేసరికి, తాను పేగుననే సంగతి మరచిపోయి మళ్ళీ మొదటినుంచీ ఒక ప్రాణిని కట్టడానికి పూనుకుంది. ఆ మరపింపజేసే శక్తి అండద్రవ్యానిది. దానికి బదులు పెట్టే యంత్రం లేదు. 1996లో పుట్టిన డాలీ అనే గొర్రెపిల్ల కోసం 277 అండాలకు కేంద్రకాలను మార్చితే బతికి బట్టకట్టింది ఆ ఒక్కటే. గొర్రె అండాలు కాబట్టి లెక్క ఎవరూ అడగలేదు.

మనుషుల అండాల దగ్గరికి వచ్చేసరికి ఏం జరిగింది? దక్షిణ కొరియాలో హ్వాంగ్ ఊ సుక్ 2004లోనూ 2005లోనూ, క్లోనింగు చేసిన మానవ పిండాల నుండి మూలకణాలు తీశానని ప్రకటించాడు. జాతీయ వీరుడయ్యాడు. 2006 జనవరిలో ఆ రెండు పత్రాలూ ఉపసంహరించబడ్డాయి, ఫలితాలు కల్పితాలు. ప్రపంచమంతా ఆ మోసం గురించి రాసింది. ఆ దేశపు జీవనైతిక సంఘం తేల్చిన మరొక లెక్క మాత్రం అంతగా ఎవరికీ పట్టలేదు: 119 మంది స్త్రీల నుండి 2,221 అండాలు తీశారు. ఇచ్చినవాళ్ళలో అతని ప్రయోగశాలలోనే పనిచేసే చిన్న ఉద్యోగినులు ఇద్దరున్నారు. యజమాని ముందు నిలబడ్డ ఉద్యోగిని ఇచ్చినదానికి “స్వచ్ఛంద దానం” అని పేరు పెట్టడానికి ఎంత తెగువ కావాలి!

అండం నెలకు మామూలుగా ఒకటే పక్వమవుతుంది. ఎక్కువ కావాలంటే పది పన్నెండు రోజులు హార్మోను సూదులు పొడవాలి. తర్వాత మత్తిచ్చి, యోని గోడగుండా అండాశయంలోకి సూది దించి లాగాలి. కొందరికి అండాశయాలు వాచి, పొట్టలో నీరు చేరుతుంది, అరుదుగా ప్రాణం మీదికి వస్తుంది. దీన్ని పని అనక మరేమనాలి? రేవులో దెబ్బ తగిలిన కళాసీకి నష్టపరిహారం ఇవ్వాలనే చట్టం 1923లో వచ్చింది. (మన విశాఖ వైద్య కళాశాల పుట్టిందీ ఆ సంవత్సరమే.) అండమిచ్చే స్త్రీని మాత్రం నేటికీ ఎవరూ శ్రామికురాలనరు, దాత అంటారు.

2021లో చేసిన సంతాన సాఫల్య చట్టం కొన్ని మంచి మాటలు చెప్పింది. 23 నుండి 35 ఏళ్ళ లోపు స్త్రీయే ఇవ్వాలి. జీవితంలో ఒక్కసారే ఇవ్వాలి. ఏడు అండాలకు మించి తీయరాదు. ఆమెకు బీమా చేయాలి. అమ్మకం నిషిద్ధం. వినడానికి బాగానే ఉంది. కాని ఆ ఆస్పత్రి గదిలో వైద్యుడికి ఫీజుంది, నర్సుకు జీతముంది, మందుల కంపెనీకి లాభముంది, దళారికి కమిషనుంది. దానం చేయవలసిన ధర్మం ఒక్క ఆమె మీదే పడింది. అండానికి ధర కట్టి బజారు తెరవమని నేననడం లేదు. బజారు ఎలాగూ తెరిచే ఉంది, చట్టం దాన్ని చాటుకు నెట్టింది. చాటున జరిగే బేరంలో నష్టపోయేది ఎవరో విశాఖవాళ్ళకు ఒకరు చెప్పాలా?

2025 జులైలో సికింద్రాబాదులో బయటపడ్డ సంతాన సాఫల్య కేంద్రం వ్యవహారాన్నే చూడండి. పోలీసులు చెప్పిన ప్రకారం, ఒక దంపతుల దగ్గర అద్దెగర్భం పేరున 35 లక్షలకు పైగా పుచ్చుకుని, విశాఖపట్నంలో పుట్టిన బిడ్డను మీ బిడ్డేనని చేతికిచ్చారు. డి.ఎన్.ఎ. పరీక్షలో వాళ్ళ బిడ్డ కాదని తేలింది. అస్సాం నుండి బతకడానికి వచ్చిన పేద తల్లిదండ్రుల బిడ్డ. తప్పెవరిదో తేల్చవలసింది న్యాయస్థానం. కాని పత్రికలు ఆ దంపతులు మోసపోయిన డబ్బు గురించి రాసినంతగా, ఆ కన్నతల్లి గురించి రాయలేదు.

ఇక్కడ మన పక్షం తప్పు కూడా చెప్పుకోవాలి. 1978 అక్టోబరు 3న కలకత్తాలో డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ కృషి వల్ల దేశంలో మొదటి టెస్టుట్యూబు శిశువు పుట్టింది, ప్రపంచంలో మొదటి శిశువు పుట్టిన 70 రోజులకే. అప్పటి వామపక్ష ప్రభుత్వం ఒక విచారణ సంఘం వేసింది, అది ఆయన మాట బూటకమని కొట్టివేసింది. ఆయన్ని కంటి వైద్యసంస్థకు బదిలీ చేశారు. 1981 జూన్ 19న ఆయన ఆత్మహత్య చేసుకున్నారు. 1997లో ఆయన కాగితాలు చదివిన టి.సి. ఆనందకుమార్ గారు, మొదటివాడనే గౌరవం తనది కాదు, ఆయనదేనని ఒప్పుకున్నారు. అధికారుల చేతిలో పెట్టినంత మాత్రాన పరిశోధన ప్రజలది కాదు. ఈ మాట నా సూచనకు కూడా వర్తిస్తుందని తెలిసే రాస్తున్నాను.

నా సూచన ఇది. పరిశోధన జరగాలి. ఆపమనేవాళ్ళతో నాకు పొత్తు లేదు. 2006లో యమనక అండం లేకుండానే చర్మకణాలను వెనక్కు నడిపించాడు గనుక ఈ తగాదా తీరిపోయిందని కొందరంటారు. 2025లో అమెరికాలోని ఒరెగాన్ శాస్త్రజ్ఞులు చర్మకణపు కేంద్రకాలతో అండాలను తయారుచేశారు, కాని ఆ కేంద్రకాలను ఉంచింది స్త్రీలిచ్చిన అండాల్లోనే. తగాదా తీరలేదు. కాబట్టి పరిశోధన ప్రభుత్వ ఆస్పత్రుల్లో, వైద్య కళాశాలల్లో జరగాలి. తీసిన ప్రతి అండానికీ, ఇచ్చినామె పేరు బయటపెట్టకుండా, ఎవరైనా చూడదగ్గ లెక్క ఉండాలి. పోయిన పనిదినాలకు కూలీ ఇవ్వాలి.

అంగీకార పత్రం సంగతి మరీ ముఖ్యం. 2009లో ఖమ్మం జిల్లాలో బాలికలపై జరిగిన టీకా ప్రయోగంలో, పరిశీలించిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 మీద సంతకాలు హాస్టలు వార్డెనులవి. 1,948 మీద వేలిముద్రలున్నాయి. టీకా మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. సంతకం ఎవరిదన్నది మన చర్చ. రేపు విశాఖలో ఏ ప్రయోగశాల అయినా అండాల కోసం ఒక కాగితం ముందుకు తోస్తే, అది తెలుగులో ఉందా, సూది మందు పేరూ దాని ప్రమాదమూ అందులో రాశారా, మధ్యలో మానుకుంటే డబ్బు తిరిగి ఇమ్మనరని రాశారా అని అడగవలసినవాళ్ళు జీవశాస్త్రం చదివే మన విద్యార్థులే. ఆ కాగితాన్ని అడిగి తెచ్చుకుని, గాజువాకలోనో మల్కాపురంలోనో నలుగురు స్త్రీల ముందు గట్టిగా చదివి వినిపించండి. వాళ్ళడిగే మొదటి ప్రశ్న రాసుకుని రండి.