ఒకే రాజు.. రెండు రూపాయలు!

వరలక్ష్మీ వ్రతానికి కలశంలో వేసే పాత వెండి రూపాయి మీ ఇంట్లో ఉందా? అయితే ఓసారి బయటికి తీసి దానిమీదున్న బొమ్మ చూడండి. రాణి బొమ్మ ఉంటే విక్టోరియాది. కిరీటం లేని బట్టతల రాజు ఏడో ఎడ్వర్డ్. కిరీటమూ గడ్డమూ ఉంటే ఐదో జార్జి. ఈ ముగ్గురివీ అయితే చింతలేదు. నాణెం అసలుదైతే చాలు, అందులో 91.67 శాతం వెండే.

కిరీటం ఉండి గడ్డం లేకపోతే ఆరో జార్జి. పేచీ అంతా ఈయనతోనే. మన ఇళ్లలో ఎక్కువగా కనిపించేవీ ఈయన రూపాయలే. వీటికి బొమ్మతో పాటు వెనకవైపు వేసిన ఏడాదీ చూడాలి. 1938, 1939 అని ఉంటే పాత లెక్క ప్రకారం 91.67 శాతం వెండి. 1940 నుంచి 1945 దాకా వచ్చినవాటిలో సగమే వెండి. మిగతాది రాగి, నికెల్, జింకు. తూకం మాత్రం రెండింటిదీ ఒకటే.. 11.66 గ్రాములు, అంటే సరిగ్గా తులం. పెద్దవాళ్లు ‘రూపాయి ఎత్తు’ అనేది దీన్నే.

ఎందుకిలా చేశారు? 1940లో జర్మనీ చేతిలో ఫ్రాన్స్ ఓడిపోగానే ఇక్కడి జనానికి కాగితం నోటు మీద నమ్మకం సడలింది. నోట్లిచ్చి వెండి రూపాయలు తీసుకుని దాచుకోవడం మొదలెట్టారు. సర్కారు రూపాయి నోటును మళ్లీ తెచ్చింది, నాణెంలో వెండి తగ్గించేసింది. 1947 నాటికి వెండి పూర్తిగా పోయింది. ఆ ఏడాది రూపాయి నికెల్‌ది, వెనక పులి బొమ్మ ఉంటుంది. దానికి అయస్కాంతం అంటుకుంటుంది. వెండికి అంటుకోదు.

ఇక విలువ. కిలో వెండి లక్ష రూపాయలనుకోండి, గ్రాము వంద. 1938 నాణెంలో వెండి 10.69 గ్రాములు కాబట్టి 1,069 రూపాయలు. 1944 నాణెంలో 5.83 గ్రాములే, 583 రూపాయలు. ఆ రోజు ధర కనుక్కుని మీరే లెక్కేసుకోవచ్చు. అమ్మమ్మ ఇచ్చిన పది నాణేలు దుకాణానికి తీసుకెళ్తే అన్నిటినీ కలిపి ‘సగం వెండే’ అని తూచేవాళ్లుంటారు. పండగలకు కొనేటప్పుడేమో అవే సగం వెండివి ‘అచ్చమైన తులం వెండి’ అయిపోతాయి! అందుకే తక్కెడ ఎక్కకముందే ఏడాదుల వారీగా వేరు చేసుకోవాలి.

వెండి ధరను మించి పలికేవి తక్కువ. ఈ వరసలో 1939ది అరుదు. బొంబాయి టంకశాలది, ఏడాది కింద పువ్వు దగ్గర చిన్న చుక్క ఉంటుంది. గిరాకీ ఉంది కాబట్టి నకిలీలూ ఉన్నాయి. తూకంలో తేడా ఉన్నా, అంకెలు దిద్దినట్టున్నా అనుమానించాల్సిందే. అదే చోట ఇంగ్లీషు ‘ఎల్’ అక్షరం ఉంటే లాహోర్‌లో ముద్రించినట్టు.

దండలో గుచ్చడానికి కొక్కెం అతికించిన నాణేన్ని సేకర్తలు పెద్దగా పట్టించుకోరు, దానికి వెండి ధరే. చింతపండుతో తళతళా తోమినా అంతే. ఆ నలుపు అలా ఉంటేనే వాళ్లకు ముద్దు. పూజలో పెట్టేదైతే మీ ఇష్టం గానీ, అమ్మే ఉద్దేశం ఉంటే తోమకండి.

‘పాత నాణెం ఉందా, లక్షలిస్తాం, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి’ అంటూ ఫోన్ వస్తే పెట్టేయండి. తమ పేరు చెప్పి ఇలా కమీషన్లు, పన్నులు అడుగుతున్నారని, తాము అలాంటి వ్యవహారాలు చేయమని రిజర్వు బ్యాంకే 2021 ఆగస్టులో ప్రకటించింది. నిజంగా కొనేవాడు నాణేన్ని చేతిలోకి తీసుకుని చూస్తాడు, డబ్బు తనే ఇస్తాడు.