ఓటు లేని ఎన్నికకు లష్కరులో ఎందుకంత సందడి?

సికింద్రాబాద్: రాష్ట్రపతి ఎన్నికలో సామాన్య పౌరునికి ఓటు లేదు. పోలింగ్ బూత్ వీధిలోకి రాదు, వేలిపై సిరా గుర్తు పడదు, ఓటరు చీటీలు పంచేవారు గుమ్మం తొక్కరు. అయినప్పటికీ 2022 జూన్, జూలై నెలల్లో జంటనగరాల్లో, ముఖ్యంగా లష్కరు ప్రాంతంలో, జెండాలు, కండువాలు, మోటారు సైకిళ్ల ఊరేగింపులు చూసినవారికి శాసనసభ ఎన్నికలే వచ్చిపడ్డాయా అన్న భ్రమ కలిగింది. 2027 జూలైలో ప్రస్తుత రాష్ట్రపతి పదవీకాలం ముగియనున్నందున మళ్లీ అదే ఎన్నిక, అదే సందడి తప్పవు. కనుక అప్పటి ఆర్భాటం ఎవరికోసం జరిగిందో, ఇబ్బంది ఎవరి వంతైందో ఇప్పుడే చూసుకోవడం మంచిది.

ఆ ఏడాది జూలై 2వ తేదీ శనివారం. ప్రతిపక్షాల అభ్యర్థి శ్రీ యశ్వంత్ సిన్హా బేగంపేట విమానాశ్రయంలో దిగారు. అప్పటి ముఖ్యమంత్రి శ్రీ కె. చంద్రశేఖరరావు మంత్రులతో సహా వెళ్లి స్వాగతం పలికారు. అక్కడినుంచి నెక్లెస్ రోడ్డులోని జలవిహార్ వరకు మోటారు సైకిళ్ల ర్యాలీ సాగింది. కొద్ది గంటల తేడాతో అదే విమానాశ్రయంలో ప్రధానమంత్రి శ్రీ నరేంద్ర మోదీ దిగారు. భారతీయ జనతా పార్టీ జాతీయ కార్యవర్గ సమావేశాలకు ఆయన వచ్చారు. ఆయనకు ఎదురు వెళ్లింది ముఖ్యమంత్రి కాదు, మంత్రి శ్రీ తలసాని శ్రీనివాస యాదవ్. ఒకే విమానాశ్రయం, ఒకే రోజు, రెండు స్వాగతాలు. మరునాడు సాయంత్రం సికింద్రాబాద్ పెరేడ్ గ్రౌండ్స్‌లో బి.జె.పి. బహిరంగ సభ జరిగింది.

ఈ రెండు రోజులకు ముందే నగరంలో గోడల యుద్ధం మొదలైంది. మెట్రో స్తంభాలపై, కూడళ్లలో ప్రచార బోర్డుల జాగాల కోసం రెండు పార్టీలు పోటీపడ్డాయి. ఒకరు 'సాలు దొర, సెలవు దొర' అంటే, ఇంకొకరు 'సాలు మోదీ, సంపకు మోదీ' అన్నారు. అనుమతి లేకుండా కట్టిన ఫ్లెక్సీలకు నగరపాలక సంస్థ ఇరుపక్షాలకూ జరిమానాలు వేసింది. పై రెండు నినాదాలలో రాష్ట్రపతి అభ్యర్థుల పేర్లు లేకపోవడం గమనార్హం. శ్రీమతి ద్రౌపది ముర్ము ఎవరు, శ్రీ సిన్హా ఏం చేస్తారు, రాష్ట్రపతికి ఉన్న అధికారాలేమిటి అన్న ప్రసక్తి ఆ బోర్డులకు పట్టలేదు. ఊరేగింపులు రాష్ట్రపతి భవన్ పేరున జరిగినా, చూపు మాత్రం 2023లో రావలసిన శాసనసభ ఎన్నికలపైనే.

పెరేడ్ గ్రౌండ్స్‌కు పక్కనే జూబిలీ బస్ స్టేషన్ ఉంది. కరీంనగర్, సిద్దిపేట, మెదక్, నిజామాబాద్ వైపు పల్లెలకు పట్నం గుమ్మం అదే. సభ రోజు మైదానం చుట్టూ దారి మళ్లింపులు ఉంటాయని ట్రాఫిక్ పోలీసులు ముందుగానే ప్రకటించారు. రైలు ఎక్కవలసినవారు ఇంటినుంచి త్వరగా బయలుదేరాలని సలహా కూడా ఇచ్చారు. పేపరు చదివి, ఫోను చూసే పట్నవాసికి ఈ సలహా అందుతుంది. గాంధీ ఆస్పత్రిలో ఉన్న మనిషికి సద్దిమూట పట్టుకుని తెల్లవారుజామున బస్సెక్కిన పల్లె మనిషికి ఏ దారి మూశారో ఎవరు చెప్పాలి? మూట నెత్తిన పెట్టుకుని నడవడమే వారి దారి మళ్లింపు. ఆటోలకూ ఇదే తంటా. చుట్టు తిరిగితే డీజిలు, గ్యాసు ఖర్చు, తిరగకపోతే బేరం లేదు.

అందరికీ నష్టమేనని కూడా అనలేము. ఫ్లెక్సీలు ముద్రించేవారికి, జెండా కర్రలు అమ్మేవారికి, కండువాలు కుట్టేవారికి, జనాన్ని తెచ్చే వ్యాన్లవారికి ఇవి పెళ్లిళ్ల సీజను వంటివి. మైదానం చుట్టుపక్కల చాయ్ బండ్లకు ఆ సాయంత్రం తీరిక దొరకదు. పార్టీ ఏదైనా కండువా గుడ్డ కొలత ఒకటే, రంగు మాత్రమే మారుతుంది.

ఇక ఓటు లెక్క సంగతి. రాష్ట్రపతిని పార్లమెంటు సభ్యులు, శాసనసభ్యులు కలిసి ఎన్నుకుంటారు. ఒక్కొక్కరి ఓటుకు ఒక విలువ ఉంటుంది. 2022లో తెలంగాణ శాసనసభ్యుని ఓటు విలువ 132, ఆంధ్రప్రదేశ్‌లో 159, ఉత్తరప్రదేశ్‌లో 208. పార్లమెంటు సభ్యుని ఓటు విలువ 700. 132 ఎలా వచ్చిందంటే, తెలంగాణ ప్రాంత జనాభాను 119 మంది శాసనసభ్యులతో భాగించి, వచ్చినదానిని మళ్లీ వెయ్యితో భాగించారు. ఆ జనాభా 1 కోటి 57 లక్షలు. ఇది ఇప్పటి జనాభా కాదు, 1971 నాటిది. రాజ్యాంగ సవరణ ప్రకారం 2026 తరువాత జరిగే మొదటి జనగణన లెక్కలు వెలువడేవరకు ఇదే కొలమానం. అంటే మల్కాజిగిరి, అల్వాల్ పొలాలు కాలనీలు కాకముందటి జనాభాతో నేటి ఓటును తూస్తున్నారన్నమాట.

సికింద్రాబాద్ పౌరుని విషయంలో ఈ లెక్కకు మరో విచిత్రం తోడైంది. అప్పుడు సికింద్రాబాద్ లోక్‌సభ సభ్యుడు బి.జె.పి.కి చెందిన శ్రీ జి. కిషన్‌రెడ్డి. సికింద్రాబాద్ శాసనసభ్యుడు శ్రీ టి. పద్మారావు, సనత్‌నగర్ శాసనసభ్యుడు శ్రీ తలసాని, కంటోన్మెంట్ శాసనసభ్యుడు శ్రీ జి. సాయన్న ముగ్గురూ అప్పటి టి.ఆర్.ఎస్. వారు. ఇది రహస్య ఓటు, పార్టీలు విప్ జారీ చేయరాదు. అయినా పార్టీల నిర్ణయాన్నిబట్టి చూస్తే చిలకలగూడ ఓటరు ఎన్నుకున్న ఒకరి 700 శ్రీమతి ముర్ము వైపు, అతడే ఎన్నుకున్న మరొకరి 132 శ్రీ సిన్హా వైపు పడవలసి ఉంది. ఒకే ఇంటి గోడమీద రెండు పార్టీల బొమ్మలు అంటించినట్లుగా, ఒకే ఓటరు పేరున రెండు వైపులా ఓటు పడింది. దీనిని తప్పనలేము. పార్లమెంటుకు ఒకరిని, అసెంబ్లీకి మరొకరిని పంపింది ఆ ఓటరే. కానీ తన పేరున ఎటు ఎంత పడిందో లెక్క చెప్పిన సభ ఒక్కటి కూడా జరిగినట్లు లేదు.

ఎన్నికకు నోటిఫికేషన్ వెలువడింది జూన్ 15న. రెండు రోజులకే, 17వ తేదీ ఉదయం, సికింద్రాబాద్ రైల్వే స్టేషన్ మంటల్లో చిక్కుకుంది. సైన్యంలో నాలుగేళ్ల కొలువుకు సంబంధించిన అగ్నిపథ్ పథకాన్ని వ్యతిరేకిస్తూ వచ్చిన యువకులు బోగీలకు నిప్పుపెట్టారు. కాల్పుల్లో వరంగల్ జిల్లా యువకుడు ఒకరు మరణించాడు. ఆ రోజు మెట్రో, ఎం.ఎం.టి.ఎస్. రైళ్లు కూడా నిలిచిపోయాయి. శరీర దారుఢ్య పరీక్ష, వైద్య పరీక్ష పాసై రాతపరీక్ష కోసం ఎదురుచూస్తున్నవారు ఆ గుంపులో ఎందరో ఉన్నారు. వారిలో అధికులు పల్లెల పిల్లలే. తెల్లవారకముందే ఊరి రోడ్డు మీద పరుగు తీసినవారే.

రాష్ట్రపతి త్రివిధ దళాలకు సర్వసేనాధిపతి. సైన్యం పేరుమీద పుట్టిన ఊరు లష్కరు. రెండు వారాల తరువాత ఈ ఊళ్లోనే ఎన్నికల సందడి. స్టేషన్ నుంచి పెరేడ్ గ్రౌండ్స్ ఎంతో దూరం కాదు, కానీ స్టేషన్‌లో లేచిన ప్రశ్న మైదానం దాకా నడవలేదు. కొలువు పోయిందనుకున్న కుర్రవానికి ఏ అభ్యర్థి గెలిచినా ఏం ఒరుగుతుందో చెప్పే బాధ్యతను నినాదాలు రాసినవారు తీసుకోలేదు.

లష్కరుకు రాష్ట్రపతి ఎన్నికల కాలంలో కల్లోలం కొత్త కాదు. 1969 మే 3న రాష్ట్రపతి డాక్టర్ జాకీర్ హుస్సేన్ కన్నుమూశారు. ఆయన జన్మస్థలం హైదరాబాదే. అప్పటికి ప్రత్యేక తెలంగాణ ఆందోళన జంటనగరాలను ఊపివేస్తోంది. ఆ ఆగస్టులో జరిగిన ఎన్నికలో తెలుగువారైన శ్రీ వి.వి. గిరి, శ్రీ నీలం సంజీవరెడ్డి తలపడ్డారు. శ్రీమతి ఇందిరాగాంధీ 'అంతరాత్మ ప్రబోధం' పిలుపుతో సొంత పార్టీ అభ్యర్థి శ్రీ సంజీవరెడ్డే ఓడిపోయారు. రెండో ప్రాధాన్యత ఓట్లు కూడా లెక్కించాక శ్రీ గిరికి 4,20,077, శ్రీ రెడ్డికి 4,05,427 వచ్చాయి. ఢిల్లీలో ఇద్దరు తెలుగువారి పోటీ ఎంత రక్తి కట్టినా, ఇక్కడి జనం కాల్పులు, కర్ఫ్యూల మధ్య ఉన్నారు. క్లాక్ టవర్ వద్దనున్న అమరుల స్తూపం ఆనాటిదానికే గుర్తు. 1977లో శ్రీ సంజీవరెడ్డి పోటీ లేకుండా ఎన్నికయ్యారు. నామినేషన్లు వేసిన 37 మందిలో 36 మందివి చెల్లలేదు.

2022కు వస్తే, జూలై 17 ఆదివారం ఉజ్జయినీ మహంకాళి బోనాలు. మరునాడు సోమవారం ఆలయంలో రంగం, అదే రోజు అసెంబ్లీలో పోలింగ్. శాసనసభ్యులు గులాబీరంగు బ్యాలెట్ కాగితంపై ఎన్నికల సంఘం ఇచ్చిన ఊదారంగు పెన్నుతో అంకె వేసి వచ్చారు. ఇక్కడ జనరల్ బజారు సందుల్లో జనం భవిష్యవాణి వినడానికి చెవులు రిక్కించి నిలబడ్డారు. వర్షాలు ఎలా ఉంటాయి, రోగాలు తగ్గుతాయా అన్నది వారి చింత. రెండు రోజుల ముందే భద్రాచలం వద్ద గోదావరి 71 అడుగులు దాటింది. ఢిల్లీలో ఎవరు గెలుస్తారని అడిగే ఓపిక అప్పుడు ఎవరికుంటుంది?

21న ఫలితం వచ్చింది. శ్రీమతి ముర్ముకు 6,76,803, శ్రీ సిన్హాకు 3,80,177 విలువగల ఓట్లు లభించాయి. తెలంగాణలో ఓటు వేసిన 117 మంది శాసనసభ్యులలో 113 మంది శ్రీ సిన్హాకు, ముగ్గురు శ్రీమతి ముర్ముకు వేశారు. ఒకటి చెల్లలేదు. పక్కనున్న ఆంధ్రప్రదేశ్‌లో శ్రీ సిన్హాకు ఒక్క ఓటు కూడా రాలేదు. అక్కడ అధికారపక్షం, ప్రతిపక్షం రెండూ ఒకవైపే నిలిచాయి, కనుక వీధుల్లో తగువు లేదు. ఇక్కడ తగువు ఉన్నందునే ఊరేగింపులు. సందడి రాష్ట్రపతి పదవికి సంబంధించినదే అయితే రెండు రాష్ట్రాల్లోనూ ఒకేలా ఉండాలి కదా.

సికింద్రాబాద్ బజారులో రోజూ వేలమంది నడిచే ఆర్.పి. రోడ్డు అసలు పేరు రాష్ట్రపతి రోడ్డు. కంటోన్మెంట్ దొరల కాలంలో అది కింగ్స్‌వే. పొడి అక్షరాలు పలికేవారిలో ఎందరికి పూర్తి పేరు తెలుసునో! ఆరేడు మైళ్ల అవతల బొల్లారంలో 1860లో కట్టిన పాత రెసిడెంటు బంగళా ఇప్పుడు రాష్ట్రపతి నిలయం. సుమారు 90 ఎకరాల తోట. పూర్వం ఏడాదిలో కొద్ది రోజులే జనాన్ని లోపలికి పంపేవారు. 2023 మార్చి నుంచి ఏడాది పొడవునా చూడనిస్తున్నారు.

శ్రీమతి ముర్ము రాష్ట్రపతి హోదాలో శీతాకాల విడిదికి మొదటిసారి ఇక్కడికి వచ్చింది 2022 డిసెంబర్ 26న. హకీంపేట వైమానిక స్థావరంలో గవర్నరుతోపాటు ముఖ్యమంత్రి శ్రీ చంద్రశేఖరరావు కూడా స్వాగతం పలికారు. జూలైలో ఎదుటి అభ్యర్థికి పట్టిన జెండాల ప్రసక్తి అప్పుడు ఎవరూ ఎత్తలేదు. రాష్ట్రపతి కాన్వాయ్ కదిలినప్పుడల్లా బొల్లారం, అల్వాల్ దారిలో వాహనాలు ఆపుతారు. సిద్దిపేట బస్సుల్లో కిటికీ పక్కన కూర్చున్నవారు తలలు బయటపెట్టి, ఎవరు పోతున్నారని ఒకరినొకరు అడుగుతుంటారు.